గుండ్లకమ్మ ఒడ్డున



ఆదివారం ఆరాధన ముగిసి జనం ఇళ్ళకు కదిలే వేళకు, ఎవరో ఒకరు వెనక ఆగి అడుగుతుంటారు: "దేవుణ్ణే నమ్ముకున్నాం గదండీ, మరి మాకే ఎందుకిలా?" అప్పటికి ఆ ఇంట్లో ఏదో ఒకటి జరిగే ఉంటుంది. మిర్చి పంట తెగులుకు పోయి ఉంటుంది, లేదా డాక్టరు గారు ఒక రిపోర్టు చేతికిచ్చి మాట తగ్గించి ఉంటారు. ఈ ప్రశ్నకు పండితులు రాసిన జవాబులు చాలా ఉన్నాయి. వాటి జోలికి నేనివాళ వెళ్ళను. ఒంగోలు చుట్టుపక్కల పల్లెల్లో, మనకు నాలుగైదు తరాల వెనక బతికిన మనుషుల సంగతి చెబుతాను. ఈ ప్రశ్న అడిగే హక్కు మనకంటే వాళ్ళకే ఎక్కువ ఉండేది.

అది 1876వ సంవత్సరం. తెలుగు లెక్కలో ధాత. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. చెరువులు అడుగంటాయి, జొన్న మొలకలోనే మాడింది. తర్వాతి ఏడు ఈశ్వర. ఆ ఏడూ వానాకాలం చాలా భాగం పొడిగానే గడిచింది. పెద్దవాళ్ళు "ధాత కరువు" అని చెప్పుకున్నది దీన్నే. దక్షిణ దేశం మొత్తం మీద అరకోటికి పైగా మనుషులు పోయారని చరిత్రకారుల అంచనా. ఆకలికి పోయినవాళ్ళు కొందరైతే, ఆకలితో నీరసించిన ఒంటి మీద కలరా, మశూచి, జ్వరాలు పడి పోయినవాళ్ళు మరెందరో. 1877 జనవరి ఒకటిన ఢిల్లీలో వైస్రాయి లిట్టన్ దర్బారు చేసి విక్టోరియా రాణిని భారతదేశ చక్రవర్తిని అని ప్రకటించాడు. ఆ నెలలోనే కరువు పనుల మీద కూలి కోత పడింది. మగ కూలికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కాస్త చిల్లర. అంటే అరకిలోకు లోపే. వైస్రాయి ప్రభుత్వం పంపిన రిచర్డ్ టెంపుల్ నిర్ణయించిన ఈ కూలి మీద ఒళ్ళు వంచి మట్టి మోసేవాడు బతకడని మద్రాసు శానిటరీ కమిషనర్‌గా ఉన్న డాక్టర్ కార్నిష్ గట్టిగా పోట్లాడాడు. ఆ పోట్లాట వల్ల కొన్ని నెలలకు కూలి పెరిగింది. ఆ కొన్ని నెలల్లో పోయినవాళ్ళు తిరిగి రారు గదా.

ఈ కరువు వచ్చేనాటికి ఒంగోలు ప్రాంతంలో క్రైస్తవులు ఉన్నారు. వాళ్ళెవరో కొంచెం వివరంగా చెప్పాలి. అమెరికన్ బాప్టిస్టులు నెల్లూరులో మిషన్ పెట్టింది 1840లో. ఏళ్ళు గడిచినా సంఘంలో చేరినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంత మంది. అనవసరపు ఖర్చు, మూసేద్దాం అని అమెరికాలో పెద్దలు ఒకటికి రెండుసార్లు తర్జనభర్జన పడ్డారు. అలాంటి రోజుల్లో 1854 జనవరి ఒకటిన, తెల్లవారుజామున, లైమన్ జ్యూయెట్ అనే మిషనరీ, ఆయన భార్య, ముగ్గురు తెలుగువాళ్ళు ఒంగోలు కొండెక్కి, ఈ ఊరికి ఒక మనిషిని పంపమని ప్రార్థన చేశారు. ఆ మనిషి వచ్చి ఒంగోల్లో కాపురం పెట్టడానికి 12 ఏళ్ళు పట్టింది. ఆయన పేరు జాన్ ఎవరెట్ క్లౌ. అమెరికాలో కుర్రతనంలో భూములు కొలిచే సర్వే బృందంతో తిరిగినవాడు. ఆ పని ఎందుకు పనికొచ్చిందో ముందుముందు చెబుతాను.

క్లౌ దొర ఒంగోలుకు వచ్చాక ఆయన్ని వెతుక్కుంటూ వచ్చినవాడు యర్రగుంట్ల పేరయ్య. మాదిగవాడు, తోలు పని చేసేవాడు. అంతకుముందు యోగమార్గంలో గురువు దగ్గర ఉపదేశం పొంది, దేవుడి కోసం చాలా వెతికిన మనిషి. 1867 జనవరిలో ఒంగోలుకు 40 మైళ్ళ దూరంలో ఉన్న పేరయ్య పల్లెకు క్లౌ వెళితే, అక్కడ 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ తర్వాత కబురు పల్లె నుంచి పల్లెకు, చుట్టం నుంచి చుట్టానికి మాదిగవాడల్లో పాకింది.

ఆ రోజుల్లో క్రైస్తవుడు కావడం వల్ల వాళ్ళకు ఒరిగినదేమిటో చూడండి. సంఘం పెట్టిన కట్టుబాట్లు మూడు. విగ్రహాలకు మొక్కకూడదు, ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. వినడానికి ఇవి తేలికగానే ఉంటాయి. ఊరి జాతరకు డప్పు కొట్టనన్న మాదిగవాణ్ణి ఊరు ఊరుకుంటుందా? వెట్టికి పిలిస్తే ఆదివారం రానంటే కరణం, మునసబు ఊరుకుంటారా? నీళ్ళు కట్టయ్యాయి, పని కట్టయింది, దెబ్బలు పడ్డాయి, దొంగ కేసులూ పడ్డాయి. చచ్చిన గొడ్డు కూడా తిననంటే, పని లేని నెలల్లో పొయ్యి మీదికి ఎక్కే ఆ కాస్తా పోయినట్టే. యేసును నమ్ముకున్నందుకు వాళ్ళ కష్టం ఒక పిసరు తగ్గలేదు, పైగా పెరిగింది. ధాత కరువు ఆ మనుషుల మీద పడింది.

ఇప్పుడు కాలువ సంగతి. బకింగ్‌హామ్ కాలువ పేరు మీరు వినే ఉంటారు, మన తీరం వెంబడి పెదగంజాం నుంచి మద్రాసు దాటిపోయే ఉప్పునీటి కాలువ. మధ్యలో తవ్వాల్సిన భాగాలు కొన్ని మిగిలి ఉంటే, కరువు పనుల కింద వాటిని ప్రభుత్వం తవ్వించింది. కూలికి వెళ్ళిన మాదిగల్ని అక్కడి పైవాళ్ళు నానా తిప్పలు పెట్టారు. తట్ట సరిగా నిండలేదని కూలి కోయడం, తిట్టడం, తోసెయ్యడం. కూలికి వెళ్ళడానికే జనం భయపడ్డారు. అప్పుడు క్లౌ తానే మూడు నాలుగు మైళ్ళ మేర కాంట్రాక్టు తీసుకున్నాడు. కుర్రతనంలో నేర్చిన సర్వే పని అప్పుడు అక్కరకొచ్చింది. మేస్త్రీలుగా ఎవరిని పెట్టాడనుకున్నారు? వాక్యం చెప్పే తెలుగు బోధకుల్నే పెట్టాడు. ఆ మేస్త్రీలకు ఆకలి తెలుసు, తట్ట బరువు తెలుసు. కూలి డబ్బులు పూర్తిగా చేతిలో పడతాయని తెలిసి జనం దూరాభారం నడిచి వచ్చారు. దారిలో పడిపోయినవాళ్ళూ ఉన్నారు.

పలుగు, పార, తట్ట. మగవాళ్ళు తవ్వితే ఆడవాళ్ళు తట్టలకెత్తుకుని గట్టు మీదికి మోయడం. అసలే బక్కచిక్కిన ఒళ్ళు. అలసి ఒక పక్కన కూలబడ్డవాళ్ళ దగ్గరికి మేస్త్రీగా ఉన్న బోధకుడు వచ్చి కూర్చునేవాడు, మాట్లాడేవాడు. బరువు మోసి అలసిపోయినవాళ్ళను తన దగ్గరికి రమ్మని యేసు పిలిచిన మాట మత్తయి సువార్తలో ఉంది. ఏసీ హాల్లో కూర్చుని ఆ మాట వినడం ఒకటి, నెత్తి మీద తట్ట దించి వినడం ఒకటి. ఆ వాక్యం అర్థం నాకంటే ఆ కాలువ గట్టు మీది వాళ్ళకే బాగా తెలుసునని నా నమ్మకం.

ఇక్కడే, నన్నడిగితే, ఈ కథకంతా ఆయువుపట్టులాంటి సంగతి ఉంది. కరువు నడుస్తున్నంత కాలం క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. వారం పది రోజులు కాదు, 15 నెలలు. మేం నమ్మాం, మమ్మల్ని చేర్చుకోండని గుంపులు గుంపులుగా వచ్చి అడుగుతుంటే, ఇప్పుడు కాదని పంపేశాడు. కారణం తేలికగానే అర్థమవుతుంది. ఒక చేతిలో కూలి డబ్బులు, విత్తనాల సాయం పెట్టుకుని ఇంకో చేత్తో బాప్తిస్మం ఇస్తే, వచ్చేది మనసా, కడుపా అన్నది ఎవరికీ తెలియదు. ఇచ్చేవాడికీ తెలియదు, పుచ్చుకునేవాడికీ తెలియదు. ఆకలిగా ఉన్న మనిషిని ఆ ఇరుకులో పెట్టడం పాపమని నేననుకుంటాను. ఆ మాట ఇవాళ్టికీ వర్తిస్తుంది. సాయానికి షరతు పెట్టినవాడు ఏ మతం వాడైనా సరే, ఆ సాయానికి మచ్చ తెచ్చినట్టే.

1878 జూన్ నాటికి పరిస్థితి కాస్త కుదురుకుంది. కాలువ పని ముగిసింది. కరువు సాయానికి వచ్చిన నిధి అడుగంటింది. ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో జనం పోగయితే, క్లౌ ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పాడు. నా దగ్గర ఇంక పని లేదు, డబ్బు లేదు, మీ ఊళ్ళకు వెళ్ళండి అన్నాడు. వాళ్ళిచ్చిన జవాబు ఆయన తర్వాత తన అనుభవాల్లో రాసుకున్నాడు. దాని సారం చెబుతాను. మాకు మీ సాయం అక్కర్లేదు, మా అరచేతుల్లో బొబ్బలు చూడండి, మేం పని చేసుకుని బతికేవాళ్ళం అన్నారు. వచ్చే పంట కూడా పోతే చస్తాం, చస్తే క్రైస్తవులుగానే చస్తాం, బాప్తిస్మం ఇవ్వండి అన్నారు.

కాసేపు ఆ అరచేతుల్ని తలుచుకోండి. పార కర్ర ఒరుసుకుని పొంగిన బొబ్బలు, చితికి ఎండి మళ్ళీ పొంగినవి. అవే వాళ్ళ సర్టిఫికెట్లు. వచ్చే పంట తప్పక పండుతుందని వాళ్ళెవరూ అనలేదు. పోతే పోవచ్చునన్న ఎరుక వాళ్ళ మాటల్లోనే ఉంది. దేవుడు పంట ఇస్తాడు గనక నమ్ముతాం అనలేదు, ఇంత కరువు చేశాడు గనక నమ్మం అనీ అనలేదు. పంట లెక్క వేరు, నమ్మకం లెక్క వేరు అని వాళ్ళకు వాళ్ళుగా తేల్చుకున్నారు. ఎవరూ ఉపదేశించకుండానే.

ఆ జులై 3న, ఒక్క రోజులో, గుండ్లకమ్మ నీళ్ళలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరు నీళ్ళలో నిలబడితే మిగతావాళ్ళు విశ్రాంతి తీసుకుని, వంతులవారీగా దిగారు. గట్టు మీద రాతగాళ్ళు పేర్లు చదివారు. పొద్దున్నే మొదలుపెట్టి, మిట్టమధ్యాహ్నం ఎండకు ఆగి, మళ్ళీ సాయంత్రం దాకా సాగించారు. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచారన్న వివరం దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. ఊళ్ళో వాళ్ళను "ఒరేయ్" అని తప్ప పేరుతో పిలిచినవాళ్ళు ఎందరుంటారు?

వీళ్ళను "బియ్యం క్రైస్తవులు" అని ఎగతాళి చేసినవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఆ మాటను నేను దాటవేయను. అన్ని వేల మంది మనసుల్లో ఏముందో ఎవరు తూకం వేయగలరు? ఒకాయన కృతజ్ఞతతో వచ్చి ఉండవచ్చు, ఒకామె చుట్టాలంతా వచ్చారని వచ్చి ఉండవచ్చు, ఇంకొకరు అంటరానితనం వదిలించుకుందామని వచ్చి ఉండవచ్చు. గౌరవంగా బతకాలన్న కోరిక భక్తికి తక్కువదని నేననుకోను. సువార్తల్లో యేసు దగ్గరికి వచ్చినవాళ్ళలో సగం మంది కుష్ఠు పోవాలని, చూపు రావాలని వచ్చినవాళ్ళేగా. పోతే, బియ్యం కోసమే వచ్చి ఉంటే బియ్యం ఉన్నప్పుడు వచ్చేవాళ్ళు. బియ్యం అయిపోయిందని చెప్పాక కూడా వాళ్ళు కదల్లేదన్నది మాత్రం చరిత్ర.

ఇక మన కాలానికి వద్దాం. ఇవాళ మన సభల్లో, టీవీల్లో, ఫోన్లలో ఒక బోధ బాగా చెలామణీ అవుతోంది. విశ్వాసం ఉంటే జబ్బు రాదు, వచ్చినా పోతుంది, అప్పులు తీరతాయి, ఇల్లు కట్టుకుంటావు. ఇవేవీ జరగకపోతే? నీ విశ్వాసం చాల్లేదు. నాకు ఈ బోధ మీద కోపం ఉంది, ఆ సంగతి దాచుకోను. మునిగిపోతున్న మనిషి నెత్తిన ఇంకో రాయి పెట్టడమే ఇది. గుండ్లకమ్మ ఒడ్డున నిలబడ్డ వాళ్ళతో ఎవరైనా ఈ మాట అనగలరా? వాళ్ళలో బిడ్డల్ని పూడ్చి వచ్చినవాళ్ళు ఎందరో.

మన సంఘాల్లో సాక్ష్యం చెప్పమంటే ఎవరు లేస్తారో ఎప్పుడైనా గమనించారా? ఉద్యోగం వచ్చినవాళ్ళు, వీసా వచ్చినవాళ్ళు, ఆపరేషన్ బాగా జరిగినవాళ్ళు. సంతోషమే, వాళ్ళు లేవాలి. మరి ఉద్యోగం రానివాళ్ళు, ఆపరేషన్ తర్వాత మనిషి దక్కనివాళ్ళు కూడా అదే చాప మీద కూర్చుని ఉంటారు. వాళ్ళ చేతికి మైకు అందదు. అందితే ఏం చెప్పాలో వాళ్ళకూ తోచదు, ఎందుకంటే కథ బాగా ముగిస్తేనే సాక్ష్యమని మనమే నేర్పాం.

బైబిలు అలా నేర్పలేదు. కీర్తనల గ్రంథం తిరగేయండి. దేవుణ్ణి నిలదీసేవి, ఎన్నాళ్ళని మొరపెట్టేవి అందులో కొల్లలు. చాలావాటిలో చివరికి ఒక ఊరట మాట వస్తుంది. 88వ కీర్తనలో అదీ లేదు, చీకటి మాటతోనే ఆగిపోతుంది. అలాంటిది కూడా ప్రార్థనేనని మన పెద్దలు ఒప్పుకుని, తీసేయకుండా లేఖనాల్లో ఉంచారు. యోబును పరామర్శించ వచ్చిన స్నేహితులు ఏడు రోజులు నోరు మెదపకుండా అతని పక్కన నేల మీద కూర్చున్నారు. వాళ్ళు చేసిన మంచి పని అదే. నోరు తెరిచాక అంతా పాడు చేశారు, నీ తప్పేదో ఉంటుందన్నారు. ఆఖరున దేవుడు కోప్పడింది ఏడ్చి కేకలేసిన యోబు మీద కాదు, దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకున్న ఆ స్నేహితుల మీద. సిలువ మీద యేసు కూడా నన్నెందుకు విడిచావని తండ్రిని అడిగాడు. అందుచేత ఇంట్లో తలుపు వేసుకుని "ఎందుకు స్వామీ" అని అరిచే తల్లి విశ్వాసం పోగొట్టుకున్నట్టు కాదు. ఎవరూ వినడం లేదనుకున్నవాళ్ళు అరవరు.

ఇంకో మాట కూడా సూటిగా చెప్పాలి. ప్రార్థన చేస్తున్నాం గనక మందులు మానేయమని ఎవరైనా చెబితే వినకండి. కరువులో క్లౌ, పేరయ్య, ఆ బోధకులు ప్రార్థన చేశారు. చేసి ఊరుకోలేదు, కాలువ తవ్వించారు, కూలి లెక్కలు చూశారు, జ్వరం పడ్డవాళ్ళను కనిపెట్టుకున్నారు. తర్వాత మెదక్‌లోనూ అంతే. కరువు రోజుల్లో మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ అక్కడి పెద్ద చర్చి పని పెట్టింది జనానికి కూడు దొరకాలనే. 1914లో మొదలుపెట్టి 1924 క్రిస్మస్ నాటికి నిలబెట్టారు. ఆ గోపురం చూసి ముచ్చటపడేవాళ్ళకు, రాళ్ళు మోసిన చేతులు కూడా గుర్తుండాలని నా కోరిక.

మన పల్లె సంఘాల్లో ఒక పాత అలవాటు ఉంది, పిడికెడు బియ్యం. పూటపూటా ఎసట్లో పోసేముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి, పొయ్యి పక్కన విడిగా పెట్టిన కుండలో వేస్తుంది. ఆదివారం ఆ కుండ గుడికి వెళుతుంది. ఆ బియ్యం బోధకుడి ఇంటికి చేరతాయి, లేదా ఆ వారం గడవని ఇంటికి చేరతాయి. ఏలీయాకు రొట్టె చేసిపెట్టిన సారెపతు విధవరాలి కథ మన ఆడవాళ్ళు చదివింది తక్కువ, చేసింది ఎక్కువ. ఈ అలవాటు పట్నాల్లో కవర్లలోకి, ఫోన్ పేలోకి మారిపోయింది. మారడం తప్పు కాదు. అయితే ఆ కుండకు ఒక గుణం ఉండేది. ఇవాళ వేసే ఇల్లు రేపు పుచ్చుకునే ఇల్లు కావచ్చు, అందులో ఎవరికీ చిన్నతనం ఉండేది కాదు. కష్టం వచ్చినప్పుడు అడగడానికి సిగ్గుపడే ఇళ్ళు ఇప్పుడు పెరిగాయి. విశ్వాసి ఇంట్లో కష్టం ఉండకూడదన్న బోధ కూడా ఆ సిగ్గుకు ఒక కారణమని నా అనుమానం.

మా సంఘంలో ఒకావిడ ఉంది. భర్తకు కిడ్నీలు పోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్, తెల్లవారుజామునే బయలుదేరి టౌనుకు పోవడం, నాలుగు గంటలు మిషన్ పక్కన, మళ్ళీ వాంతులు చేసుకునే మనిషిని బస్సులో తెచ్చుకోవడం. మీ ఇంట్లో ప్రార్థన తక్కువైందని ఎవరో అన్నారట. ఆవిడ చాలాకాలం గుడికి రావడం మానేసింది. మేమూ వెళ్ళి పలకరించడంలో ఆలస్యం చేశాం. తర్వాత పెద్దవాళ్ళు ఇద్దరు వెళ్ళి, ఏమీ చెప్పకుండా, ఆ పూట ఆయన దగ్గర కూర్చుని ఆవిణ్ణి కాసేపు నిద్రపోనిచ్చారు.

మొన్నామధ్య సాక్ష్యాల వేళ ఆవిడ లేచింది. ఆయనకు నయం కాలేదని చెప్పింది. కిడ్నీ ఇచ్చేవాళ్ళు దొరకలేదని చెప్పింది. రాత్రిళ్ళు దేవుడితో గొడవపడుతున్నాననీ, పొద్దున్నే మళ్ళీ ఆయన్నే పిలుస్తున్నాననీ, వేరే దిక్కు వెతకాలని అనిపించలేదనీ చెప్పింది. ఆ తర్వాత, శనివారాలు మా అబ్బాయికి డ్యూటీ, ఆటో ఉన్నవాళ్ళు ఎవరైనా ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళి తేగలరా అని అడిగింది. పాస్టరు గారు నోటు పుస్తకం తీసి, అక్కడికక్కడే పేర్లు రాసుకున్నారు. ముగ్గురు ఆటోవాళ్ళు వంతులు వేసుకున్నారు. వాళ్ళలో ఒకతను మా గుడికి వచ్చేవాడు కాదు, బయట తమ్ముడి కోసం ఆగి ఉండి, మైకులో విని లోపలికి వచ్చాడు. ఈ శనివారం వంతు అతనిది.